ప్లేటు మీద బ్రాకెట్లో ఉన్న ఆ క్లెమెంట్ ఎవరంటే

మీరు అడిగింది ఇదీ: తాతగారి ట్రంకుపెట్టెలో అమెరికన్ గాయకుడు జిమ్ రీవ్స్ పాటల ప్లేటు ఒకటి దొరికింది, అందులో 'ఐ నో వన్' అనే పాట పేరు కింద బ్రాకెట్లో చిన్న అక్షరాలతో క్లెమెంట్ అని ఉంది. వెతికితే కంట్రీ పాటల రచయిత అని ఒకచోట, ప్రొడ్యూసర్ అని ఇంకోచోట వచ్చింది. ఆయన ఎవరు, కుటుంబం ఎలాంటిది, ఒకే మనిషి రెండు పనులు ఎలా చేశాడు, ఆ ప్లేటు ఇప్పుడు పెట్టి వినొచ్చా అని అడిగారు. చివరి ప్రశ్నకి చివర్లోనే చెప్తాను. ఆయన పేరు జాక్ క్లెమెంట్. ముందు మనిషి గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ పేరు ఎవరైనా అడుగుతారా అని చాలా ఏళ్లుగా చూస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు హైదరాబాదులో రికార్డిస్టుగా పనిచేశాను. టేపుని బ్లేడుతో కోసి అతికించిన కాలం నుంచి కంప్యూటర్లు వచ్చేదాకా. ఇప్పుడు నాష్‌విల్ పక్కన ఫ్రాంక్లిన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లెల పాటల్లోంచి పుట్టిన ఈ సంగీతం, నాకు అమెరికా వచ్చాక తగులుకున్నవి కావు. మా నాన్నగారు రైల్వేలో చేసేవారు, మేం సికింద్రాబాదు లాలాగూడ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పక్కింట్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబం. ఆదివారం మధ్యాహ్నం వాళ్ల కిటికీలోంచి జిమ్ రీవ్స్ గొంతు వచ్చేది. ఆ ఇంటాయన ప్లేటుని రెండు అరచేతుల అంచులతో పట్టుకుని, లైటుకి అడ్డంగా తిప్పి చూసి, అప్పుడు పెట్టేవారు. నేను గుమ్మం దగ్గర నిలబడితే "లోపలికి రా బాబూ" అని లేబుల్ చదివించేవారు, నా ఇంగ్లీషు బాగుపడాలని. పాట పేరు, కింద బ్రాకెట్లో రాసినవాళ్ల పేరు. అలా చదివిన పేర్లలో క్లెమెంట్ ఒకటి. అంటే మీ తాతగారూ నేనూ ఒకే పాట ఒకే రోజుల్లో విన్నట్టే. అప్పట్లో మన దగ్గర జిమ్ రీవ్స్ వినని రైల్వే కాలనీ ఉండేది కాదు.

ముందు ప్రొడ్యూసర్ అన్న మాట సంగతి తేల్చుకుందాం, లేకపోతే మీకు గందరగోళంగా ఉంటుంది. మనకి ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే నిర్మాత. రికార్డుల ప్రపంచంలో అలా కాదు. ఏ పాట పాడించాలి, ఏ వాద్యగాళ్లని పిలవాలి, ఏ టేకు ఉంచాలి, గాయకుడు నీరసపడిపోతే ఎలా లేపాలి, ఇవన్నీ చూసుకునేవాణ్ణి ప్రొడ్యూసర్ అంటారు. మన సంగీత దర్శకుడిలో సగం, రికార్డిస్టులో సగం, మిగతాది ఇంటి పెద్దరికం. జాక్ క్లెమెంట్‌లో ఈ మూడోది మిగతా ఎవరికన్నా ఎక్కువ. నా లెక్కలో ఆయన రాసిన పాటలకన్నా, చేసిన రికార్డులకన్నా, ఆయన ఇల్లే గొప్ప పని. పాటలు చాలామంది రాశారు. ఒక ఇల్లు తెరిచి, నలభై ఏళ్లపాటు దాని తలుపు మూయకుండా ఉంచి, అందులోంచి మూడు తరాల సంగీతాన్ని నడిపించినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

పూర్తి పేరు జాక్ హెండర్సన్ క్లెమెంట్. 1931 ఏప్రిల్ 5న టెనెస్సీ రాష్ట్రంలో మెంఫిస్ పక్కన వైట్‌హేవెన్‌లో పుట్టారు. తండ్రి పళ్ల డాక్టరు, చర్చిలో పాటల బృందాన్ని నడిపించేవారు కూడా. రోజంతా పళ్లు చూసి, ఆదివారం పదిమంది గొంతులు ఒక శ్రుతిలోకి తెచ్చే మనిషి. కొడుక్కి తండ్రి నుంచి ఏం వచ్చిందో ఇంతకన్నా చెప్పక్కర్లేదు. పదిహేడేళ్లకే మెరైన్స్ అనే సైనిక దళంలో చేరి, వాషింగ్టన్‌లో పోస్టింగ్ పడితే డ్యూటీ అయ్యాక ఆ చుట్టుపక్కల బార్లలో బ్లూగ్రాస్ (తీగ వాద్యాలతో వేగంగా సాగే పాత కంట్రీ పద్ధతి) వాయించేవారు. బజ్ బజ్‌బీ అనే మాండొలిన్ వాద్యగాడితో కలిసి ఒక జట్టు కూడా కట్టారు. 1952లో బయటికొచ్చాక మెంఫిస్‌లో కాలేజీ చదువు, దానితోపాటు ఆర్థర్ మర్రే డాన్స్ స్కూల్లో డాన్స్ నేర్పే ఉద్యోగం. దీన్ని చాలామంది తమాషా విషయంగా ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఆయన పాటలన్నిటికీ ఇదే తాళం చెవి అనిపిస్తుంది. వాల్ట్జ్ అంటే ఆయనకి ప్రాణం. మన తిశ్రం లాంటిదే, ఒకటి రెండు మూడు అని ఊగే నడక. జంటలకి అడుగులు నేర్పిన మనిషికి పాట ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ఆపాలో కాళ్లలో తెలుస్తుంది. కౌబాయ్ అన్న ముద్దుపేరు కూడా ఆ కాలేజీ రోజుల్లోదే, స్టీల్ గిటార్ వాయిస్తూ ఒక బ్యాండులో తిరిగేటప్పుడు వచ్చింది. ఆవులతో గుర్రాలతో ఆయనకి ఏ సంబంధమూ లేదు.

మెంఫిస్‌లోనే స్లిమ్ వాలెస్ అనే స్నేహితుడి గ్యారేజీలో చిన్న స్టూడియో కట్టారు. అందులో బిల్లీ లీ రైలీ అనే కుర్రాడి పాట రికార్డు చేసి, ప్లేటు వేయించడానికి పనికొచ్చేలా మాస్టర్ చేయించుకుందామని యూనియన్ అవెన్యూలో ఉన్న సన్ స్టూడియోకి టేపు పట్టుకెళ్లారు. సన్ యజమాని శామ్ ఫిలిప్స్ ఆ టేపు విని, పాటతోపాటు దాన్ని రికార్డు చేసినవాణ్ణి కూడా తీసుకున్నారు. 1956 అది.

సన్ స్టూడియో గురించి ఒక రికార్డిస్టుగా రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. ఇప్పటి పిల్లలు వంద ట్రాకుల మీద పాట చేస్తారు. అక్కడ ఉన్నది మోనో. గాయకుడు, గిటారు, బేస్, డ్రమ్ము అంతా ఒకే గదిలో, ఒకే టేకులో పడాలి. తప్పు పోతే మొదటినుంచి. ఆ రికార్డుల్లో గొంతు వెనకే చిన్న చప్పట్లా ఇంకోసారి వినిపిస్తుంది చూడండి, దాన్ని స్లాప్‌బ్యాక్ అంటారు. రెండు టేపు మిషన్లు పెట్టి, ఒకదాని మీద పడుతున్న శబ్దాన్నే రెండోదానికి కూడా పంపి, ఆ రెండో మిషన్ రికార్డు హెడ్డు నుంచి ప్లేబ్యాక్ హెడ్డుకి టేపు జరగడానికి పట్టే ఆ కాస్త ఆలస్యాన్ని మళ్లీ అసలు పాటలో కలుపుతారు. సెకనులో ఎనిమిదో వంతు అనుకోండి. నేను కుర్రాడిగా చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన రెండు స్పూల్ మిషన్లతో ఇదే పని చేసి చూపిస్తే ఒళ్లు జలదరించింది. ఈ సన్ శబ్దం శామ్ ఫిలిప్స్ కనిపెట్టుకున్నదే గానీ, 1956 నుంచి ఆ బోర్డు దగ్గర రోజూ కూర్చున్న చేతుల్లో క్లెమెంట్‌వి ముఖ్యమైనవి.

అదే ఏడాది, ఫిలిప్స్ ఊళ్లో లేని రోజుల్లో, లూసియానాలోని ఫెరిడే నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. ఇంట్లో కోళ్లు పెట్టిన గుడ్లు అమ్మి దారి ఖర్చులు కూడబెట్టుకుని వచ్చారట. కొడుకు పియానో వాయిస్తాడు, వినండి అన్నారు. యజమాని లేడు రేపు రండి అని పంపేయడం చాలా తేలిక, మేమూ మా థియేటర్లలో ఎంతమందిని అలా పంపామో నాకు తెలుసు. క్లెమెంట్ కూర్చోబెట్టి, విని, టేపు మీదకి ఎక్కించారు. ఆ కుర్రాడే జెర్రీ లీ లూయిస్. ఫిలిప్స్ తిరిగొచ్చి టేపు విని వెంటనే వాణ్ణి పిలిపించమన్నారు.

తర్వాత ఏడాది జరిగింది నాకు ఇంకా ఇష్టం. క్లెమెంట్ రాసిన 'ఇట్'ల్ బీ మీ' పాటని జెర్రీ లీతో రికార్డు చేస్తున్నారు, టేకు మీద టేకు, కుదరట్లేదు. కాసేపు ఆపి వేరేదేదైనా వాయించుకోండి అని, క్లెమెంట్ లోపలికెళ్లి టేపు తిప్పారు. ఆ ఒక్క టేకులో పడిందే 'హోల్ లాటా షేకిన్ గోయిన్ ఆన్'. అదే ప్రపంచమంతా మోగింది, తన పాట వెనక వైపుకి వెళ్లింది. సొంత పాట పక్కనపెట్టి గదిలో ఉన్నవాళ్లకి ఏది సంతోషంగా ఉందో అటు మళ్లడం రచయితకి ఎంత కష్టమో, పాటలు రాసేవాళ్లతో పనిచేసిన ఎవర్నడిగినా చెప్తారు. అంతకుముందు, 1956 డిసెంబర్ 4న ఎల్విస్ ప్రెస్లీ, కార్ల్ పెర్కిన్స్, జెర్రీ లీ, జానీ క్యాష్ అనే నలుగురు సన్ గాయకులు అనుకోకుండా ఒకే గదిలో చేరి పాత భక్తి పాటలు పాడుకుంటుంటే, ఇది పోతే మళ్లీ రాదని టేపు ఆన్ చేసిందీ క్లెమెంటే.

ఆయన తప్పులూ చేశారు, అవీ చెప్పాలి. సన్‌లో పాడుతున్న రాయ్ ఆర్బిసన్ అనే గాయకుడితో నువ్వు నెమ్మది పాటలు పాడి పైకి రాలేవు అన్నారు. తర్వాత ఆర్బిసన్ సరిగ్గా ఆ నెమ్మది పాటలతోనే ప్రపంచాన్ని ఏడిపించాడు. క్లెమెంట్ ఆ మాట ఎప్పుడూ దాచుకోలేదు.

జానీ క్యాష్‌కి మాత్రం ఆయన దాదాపు అన్నదమ్ముడు. 1958లో క్యాష్ కోసం రాసిన రెండు పాటలు, 'బ్యాలడ్ ఆఫ్ ఎ టీనేజ్ క్వీన్', 'గెస్ థింగ్స్ హాపెన్ దట్ వే', రెండూ కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లాయి. ఈ రెండో పాట మీరు తప్పక వినండి. ప్రియురాలు వదిలిపోయినవాడు ఏమీ అర్థంకాక, ఏం చేస్తాం, ఇలా జరుగుతుంటాయి అని సర్దుకునే పాట. ట్యూన్ చూస్తే ఉషారుగా గెంతుతూ ఉంటుంది, మాట మాత్రం లోపల కుమిలిపోతూ ఉంటుంది. ఏడుపు పాటకి ఏడుపు ట్యూన్ కట్టడం సులువు, ఇది అలా కాదు.

1959లో సన్ నుంచి ఉద్యోగం పోయింది, చెప్పిన మాట వినడం లేదని ఫిలిప్స్ పంపేశారు. కొన్నాళ్లు నాష్‌విల్‌లో ఆర్‌సీఏ రికార్డు కంపెనీలో, అక్కడి ప్రొడ్యూసరూ గిటార్ వాద్యగాడూ అయిన చెట్ ఆట్కిన్స్ దగ్గర. మీ తాతగారి ప్లేటులో పాట ఈ మధ్యకాలందే, 1960లో జిమ్ రీవ్స్ పాడారు. అదే ఏడాది హ్యాంక్ స్నో అనే గాయకుడు క్లెమెంట్ రాసిన 'మిల్లర్స్ కేవ్' పాడారు. (జిమ్ రీవ్స్ 1964లో విమానం కూలిపోయి చనిపోయింది మా ఇంటికి దగ్గర్లోనే, బ్రెంట్‌వుడ్ అడవుల్లో. అటువైపు వెళ్లినప్పుడల్లా లాలాగూడ కిటికీ గుర్తొస్తుంది.) ఆ తర్వాత క్లెమెంట్ టెక్సస్‌లో బోమాంట్ అనే ఊరు వెళ్లి బిల్ హాల్‌తో కలిసి స్టూడియో పెట్టుకున్నారు. శిష్యుల్లాంటి డికీ లీ, అలెన్ రేనాల్డ్స్, బాబ్ మెక్‌డిల్ ఈ మెంఫిస్, బోమాంట్ రోజుల్లోనే చుట్టూ చేరారు. డికీ లీ సహరచయితగా పుట్టిన 'షీ థింక్స్ ఐ స్టిల్ కేర్' పాటని కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ చేత పాడించాలని పట్టుబట్టింది కూడా క్లెమెంటే.

బోమాంట్‌లో ఉండగానే 1963లో క్యాష్ నుంచి ఫోను. 'రింగ్ ఆఫ్ ఫైర్' పాట, తర్వాత క్యాష్ భార్య అయిన గాయని జూన్ కార్టర్, మెర్ల్ కిల్‌గోర్ కలిసి రాసింది, జూన్ అక్క చెల్లెళ్లలో ఒకరైన అనిత అప్పటికే పాడేసింది. క్యాష్‌కి కలలో ఆ పాట మెక్సికన్ ట్రంపెట్లతో వినిపించిందట. కంట్రీ పాటలో ట్రంపెట్లా అని నాష్‌విల్‌లో ఎవరినడిగినా నవ్వుతారు, కాబట్టి నవ్వనివాణ్ణి పిలుచుకున్నాడు. క్లెమెంట్ నాష్‌విల్ వచ్చి, ఆ ట్రంపెట్ల వాళ్లకి ఏం ఊదాలో చెప్పి, తనే గిటారు పట్టుకుని కూర్చున్నారు. మీరు ఆ పాట పేరు తెలియకపోయినా ఆ ఊదుడు వినే ఉంటారు. ప్లేటు మీద ప్రొడ్యూసర్లుగా వేరేవాళ్ల పేర్లున్నాయి, ఆయన పేరు లేదు. ఆ పాట ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది.

1965లో నాష్‌విల్‌కి మళ్లీ వచ్చేశారు. ఆ ఏడాదే చార్లీ ప్రైడ్ ఆయన దగ్గరికొచ్చాడు. మిసిసిపీ పత్తి పొలాల్లో పెరిగిన నల్లజాతి కుర్రాడు, బేస్‌బాల్ ఆడుతూ, మోంటానాలో లోహం కరిగించే ఫ్యాక్టరీలో పనిచేస్తూ కంట్రీ పాటలు పాడుకునేవాడు. కంట్రీ అంటే తెల్లవాళ్ల పాట అని అందరూ గట్టిగా అనుకునే రోజులు, దక్షిణాదిలో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం రక్తం కారుతున్న సంవత్సరం. క్లెమెంట్ కొన్ని పాటలిచ్చి నేర్చుకోమని, సొంత డబ్బుతో స్టూడియో బుక్ చేసి, రెండు పాటలు రికార్డు చేయించి, ఆ టేపు పట్టుకుని తిరిగారు. చివరికి చెట్ ఆట్కిన్స్ ఆ టేపుని ఆర్‌సీఏ పెద్దలకి వినిపించి, విన్నాక అప్పుడు గాయకుడెవరో చెప్పారు. మొదటి ప్లేట్లు రేడియో స్టేషన్లకి ఫోటో లేకుండా వెళ్లాయి. ప్రైడ్ తర్వాత పాతిక పైన నంబర్ వన్ పాటలు పాడాడు, 2000లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. ఆయన మొదటి డజను పైన ఆల్బములు క్లెమెంట్ చేసినవే, అందులో 'జస్ట్ బిట్వీన్ యూ అండ్ మీ' క్లెమెంట్ రాసిందే. చార్లీ ప్రైడ్ గొంతుని వాళ్లు పాలిష్ పెట్టకుండా వదిలేశారు, వెనక స్టీల్ గిటార్ చాలా పల్చగా. ఆ పల్చదనం వినండి, మిక్సింగ్ నేర్చుకునేవాళ్లకి అంతకన్నా మంచి పాఠం లేదు.

ఇక కుటుంబం. మొదటి పెళ్లి ద్వారా ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు పాటల్లోకే వచ్చింది. పెళ్లిళ్లు ఆయనకి నిలవలేదు. ఆయన రెండో భార్య, గాయని జెస్సీ కోల్టర్ అక్కచెల్లెళ్లు. జెస్సీ భర్త వేలన్ జెన్నింగ్స్, అవుట్‌లా కంట్రీ అనే తిరుగుబాటు సంగీతానికి పెద్ద దిక్కు. ఇంగ్లీషు పుస్తకాల్లో వీళ్లిద్దర్నీ బ్రదర్ ఇన్ లా అని రాస్తారు, ఆ మాటలో అన్నీ కలిసిపోతాయి, బావ, బామ్మర్ది అన్నీ. మనకి సరైన మాట ఉంది: తోడల్లుళ్లు. ఒకే అత్తారింటికి అల్లుళ్లయిన ఇద్దరు మగాళ్ల మధ్య ఉండే ఆ చనువు, ఆ పోటీ, ఆ గొడవ మనకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ ఇద్దరు తోడల్లుళ్లు కలిసి చేసిందే 1975లో వచ్చిన 'డ్రీమింగ్ మై డ్రీమ్స్' ఆల్బం. నెలల తరబడి చేశారు. దాని పేరుపాట అలెన్ రేనాల్డ్స్ రాసింది, వాల్ట్జ్, తిశ్ర నడక. అదే ఆల్బంలో క్లెమెంట్ రాసిన పాటా ఒకటుంది. వేలన్‌కి మొదటి గోల్డ్ ఆల్బం అదే. గురువు చేస్తున్న ఆల్బంలో గురువు పాట కాకుండా శిష్యుడి పాట పేరు పెట్టారు చూడండి. ఆ ఇంటి పద్ధతి అది.

ఆ ఇల్లు నాష్‌విల్‌లో బెల్మాంట్ బులవార్డ్ మీద ఉంది, చెట్ల నీడన నడిచే పాత వీధి. ఆఫీసూ స్టూడియో అక్కడే, పై అటకలో మిషన్లు. దానికి ఆయనే హోటలూ రికార్డింగ్ స్పా అని పేరు పెట్టుకున్నారు, కౌబాయ్ ఆర్మ్స్ అని. ఎవరు ఎప్పుడొచ్చినా తలుపు తీసే ఉండేది, ఎవరో ఒకరు గిటారు వాయిస్తూనే ఉండేవారు. జాన్ ప్రైన్ అనే పాటల రచయిత షికాగో నుంచి వచ్చి నెలల తరబడి అక్కడ పాటలు చేశాడు, ఆ ఆల్బం బయటికి రాలేదు గానీ ప్రైన్ ఆ తర్వాత నాష్‌విల్‌నే ఊరు చేసుకున్నాడు. టౌన్స్ వాన్ జాంట్ అనే ఇంకో రచయిత, గాయకుడి మొదటి ఆల్బం 1968లో చేసినవాళ్లలో క్లెమెంట్ ఒకరు. డాన్ విలియమ్స్‌ని ఒంటరి గాయకుడిగా మొదట నిలబెట్టింది క్లెమెంట్ పెట్టిన జేఎంఐ అనే చిన్న రికార్డు కంపెనీ. ఆ కంపెనీలో పాటలు చేసిన అలెన్ రేనాల్డ్స్ తర్వాత క్లెమెంట్ కట్టించిన స్టూడియోల్లో ఒకదాన్ని తీసుకుని, అందులోనే గార్త్ బ్రూక్స్ అనే కంట్రీ గాయకుడి రికార్డులు చేశారు, కోట్లలో అమ్ముడుపోయినవి. అటకలో టేపు మిషన్లు తిప్పడం నేర్చుకున్న డేవిడ్ ఫెర్గుసన్, జానీ క్యాష్ చివరి ఏళ్ల రికార్డులకి ఇంజినీరు అయ్యాడు. మన గురుకులం అంటే ఇదే కదా. గురువు ఇంట్లోనే తిని, అక్కడే పడుకుని, ఆయన పనిచేస్తుంటే చూసి నేర్చుకోవడం. నేనూ అలాగే నేర్చుకున్నాను, మా గురువుగారి భార్య నాకు పెరుగన్నం కలిపి పెట్టిన రోజులు మర్చిపోలేను, అందుకే ఈ ఇంటి కథ చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

'మనది సరదా వ్యాపారం, మనకి సరదాగా లేకపోతే మన పని మనం చెయ్యనట్టే' అని ఆయన అనే మాట నాష్‌విల్ అంతా చెప్పుకుంటారు. సరదా అంటే సోమరితనం అనుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రికార్డింగ్ గదిలో టెన్షన్ ఎంత చెడ్డదో నాకు తెలుసు, ఎర్ర లైటు వెలగగానే గొంతు బిగుసుకుపోయే గాయకుల్ని వందలమందిని చూశాను. ఆ బిగుతు వదిలించడమే ప్రొడ్యూసర్ పనిలో తొంభై పాళ్లు.

డబ్బు విషయం మీరు అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే పాట రాయడం అంటే ఏమిటో దీంతో అర్థమవుతుంది. 1972లో ఆయన ఒక భయానక సినిమా తీయించి బాగా పోగొట్టుకున్నారు. జేఎంఐ కంపెనీ కూడా కొన్నేళ్లకే మూతపడింది. అయినా ఇల్లు నిలబడింది పాటల వల్లే. అమెరికాలో 1909 చట్టం ప్రకారం అమ్ముడయ్యే ప్రతి ప్లేటుకి ఒక్కో పాటకి రెండు సెంట్లు ఇవ్వాలి, 1978 దాకా ఆ రేటే నడిచింది. మామూలుగా అందులో సగం రచయితకి, సగం పబ్లిషర్‌కి, అంటే పాట హక్కులు చూసుకునే కంపెనీకి. క్లెమెంట్ మొదట్లోనే సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకున్నారు, జాక్ మ్యూజిక్ అని. అంటే రెండు సగాలూ ఇంటికే. రెండు సెంట్లంటే ఏముంది అనిపిస్తుంది, కానీ 'జస్ట్ సమ్‌వన్ ఐ యూజ్డ్ టు నో' లాంటి పాటని జార్జ్ జోన్స్ ఒక పేరుతో, ఆ తర్వాత 1969లో పోర్టర్ వాగనర్, డాలీ పార్టన్ కలిసి ఇంకో పేరుతో పాడితే, పాడిన ప్రతిసారీ ఆ బ్రాకెట్లో పేరున్నవాడి ఖాతాలో పడుతూనే ఉంటుంది. పాటలు రాసే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఈ పేరా రెండుసార్లు చదవండి, హక్కులన్నీ ఒకేసారి రాసిచ్చేసి తర్వాత బాధపడిన రచయితల్ని మన దగ్గర నేను చాలామందిని చూశాను.

1973లోనే నాష్‌విల్ పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. సొంతంగా పాడిన ఆల్బం 1978లో ఒకటి, మళ్లీ 2004లో ఒకటి. పాతికేళ్ల ఎడం, ఆ మధ్యంతా ఇతరుల పాటలే. 1980ల చివర్లో ఐర్లండ్ నుంచి యూటూ అనే రాక్ బృందం వాళ్లు పాత సన్ గదిలో రికార్డు చేసుకోవాలని వస్తే, వాళ్ల పక్కన కూర్చున్నదీ ఆయనే. ఇంట్లో జరిగే కచేరీలన్నీ వీడియో కెమెరాతో తీసిపెట్టుకునే అలవాటుండేది, ఆ టేపులతోనే 2005లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది.

2011 జూన్‌లో ఆ ఇల్లు తగలబడింది. ఆయన క్షేమంగా బయటపడ్డారు, అప్పటికి ఎనభై ఏళ్లు. పై అటకా స్టూడియో పోయాయి, దశాబ్దాల వస్తువులు పోయాయి. నేను పనిచేసిన ఒక థియేటర్లో వాన నీళ్లు కారి అలమారంతా స్పూళ్లు పాడైతే, అవి ఒక్కొక్కటి విప్పి ఫ్యాను కింద ఆరేసి, టేపు మీద పూత గోధుమరంగు పొడిలా వేళ్లకి అంటుకుంటుంటే మేం నలుగురం మాట్లాడుకోకుండా కూర్చున్న రోజు నాకు గుర్తుంది. ఆ పొడే పాట. అందుకని ఆ ఇల్లు కాలిందన్న వార్త చదివినప్పుడు నాకు చేతులాడలేదు. ఆయన మాత్రం ఆ ఇంటినే మళ్లీ కట్టించుకున్నారు. ఎనభై ఏళ్ల వయసులో వేరే చోటికి పోకుండా, అదే వీధిలో, అదే స్థలంలో.

2013 జనవరి 30న నాష్‌విల్ వార్ మెమోరియల్ ఆడిటోరియంలో ఆయన కోసం పెద్ద సభ పెట్టి పాడారు. అందులో చార్లీ ప్రైడ్ ఉన్నారు, జాన్ ప్రైన్ ఉన్నారు, ఎమ్మీలూ హారిస్, క్రిస్ క్రిస్టోఫర్సన్ ఉన్నారు. అప్పటికే కాలేయంలో క్యాన్సర్. ఏప్రిల్‌లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఆయన పేరు ప్రకటించారు, గాయకులు బాబీ బేర్, కెన్నీ రోజర్స్‌తో కలిపి. ఆ కబురు ఆయన చెవిన పడింది. అక్టోబర్లో ఆ వేడుక జరిగే నాటికి మాత్రం లేరు. ఆగస్టు 8న, మళ్లీ కట్టుకున్న ఆ ఇంట్లోనే పోయారు. 82 ఏళ్లు.

నేను ఆయన్ని ఎప్పుడూ కలవలేదు. బెల్మాంట్ బులవార్డ్ మీదుగా వెళ్లేటప్పుడు మా అల్లుణ్ణి కాస్త నెమ్మదిగా పోనివ్వమంటాను, అంతే. అదే వీధిలో ఆయన 1969లో కట్టించిన ఇంకో స్టూడియో సౌండ్ ఎంపోరియం పేరుతో ఇప్పటికీ నడుస్తోంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, మొదట మీ దగ్గరున్న పాటే, తర్వాత క్యాష్ 'గెస్ థింగ్స్', తర్వాత చార్లీ ప్రైడ్ మొదటి ఆల్బములు, తర్వాత వేలన్ ఆల్బం మొత్తం కూర్చున్నచోటు నుంచి లేవకుండా. క్యాష్ 1968లో ఫోల్సమ్ జైల్లో పాడిన రికార్డు దొరికితే అందులో క్లెమెంట్ రాసిన రెండు నవ్వుల పాటలున్నాయి, ఖైదీలు ఎలా నవ్వుతారో వినండి.

ఇక మీ ప్లేటు. తడిగుడ్డతో తుడవకండి, సబ్బు అసలే వద్దు. లేబుల్ మీద నీటి చుక్క పడకూడదు, కాగితం ఉబ్బుతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో గాడుల వెంబడే గుండ్రంగా దుమ్ము తీయండి, అడ్డంగా కాదు. నిలువుగా పెట్టి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి, మన ఎండలకి మరీనూ. లేబుల్ మీద 33 అని ఉందా 45 అని ఉందా చూసి ఆ స్పీడులో పెట్టండి. తాతగారి పాత మిషన్ ఉంటే దాని ముల్లు మార్చకుండా మాత్రం పెట్టొద్దు, అరిగిన ముల్లు ఒక్కసారికే గాడి కోసేస్తుంది. సికింద్రాబాదు ప్రాంతంలో ఉంటే పాత గ్రామఫోన్లు బాగుచేసేవాళ్లు ఇంకా ఉన్నారు, వాకబు చేయండి. విన్నాక రెండో వైపు లేబుల్ కూడా చదివి బ్రాకెట్లలో ఏ పేర్లున్నాయో ఇక్కడ రాయండి, వాళ్ల గురించీ నాకు తెలిసింది చెప్తాను.